ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారిని జలుబుల కాలంలో ఇంట్లో ఎలా కాపాడుకోవాలి?

మీ నాన్నగారికి సీవోపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఊపిరి అందని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉందని, డెబ్బైకి దగ్గరపడుతున్నారని, ఇంట్లో బడికి వెళ్లే పిల్లలు ఇద్దరు ఉన్నారని రాశారు. గత రెండు చలికాలాల్లోనూ పిల్లలకు పట్టిన జలుబు చివరికి ఆయనను ఆసుపత్రిలో చేర్చేదాకా వెళ్లిందట. అందుకని ఈసారి ఆయనను కిటికీలు మూసిన గదిలో ఉంచి, పిల్లలను దగ్గరికి రానీయకుండా, రెండు పూటలా ఆవిరి పట్టించాలని అనుకుంటున్నారు. ఇంకేం చేయాలన్నది మీ ప్రశ్న.

చేయాల్సింది చాలా ఉంది. అంతకంటే ముందు, అనుకున్నవాటిలో మానుకోవాల్సినవి ఉన్నాయి. నేను శ్వాసకోశ వ్యాధులున్నవారికి వ్యాయామం, ఊపిరి పద్ధతులు నేర్పే ఫిజియోథెరపిస్టును. మందు రాసేది వైద్యులు. ఆ మందు ఇంట్లో ఎలా వాడుతున్నారు, ఏ గదిలో పడుకుంటున్నారు, ఎంత దూరం నడవగలుగుతున్నారు అని అడిగి తెలుసుకునే పని మాది. ఇన్నేళ్ల పనిలో నాకు గట్టిగా అర్థమైన విషయం ఒకటుంది. బలహీనంగా ఉన్న మనిషిని ఒక మూల గదిలో కూర్చోబెట్టి కాపాడలేం. వైరస్‌ను ఇంట్లోకి తెచ్చేది బయట తిరిగి వచ్చే మిగతావారు. జాగ్రత్తల బరువు కూడా ముందుగా వారే మోయాలి.

జలుబు అందరికీ వచ్చేదే అయినా ఆయనకు మాత్రం ఎందుకు ముదురుతుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. శ్వాసనాళాల లోపలి గోడ మీద కంటికి కనిపించనంత సన్నని రోమాలు ఉంటాయి. అవి ఎడతెగకుండా కదులుతూ కఫాన్ని, అందులో చిక్కుకున్న దుమ్మును, క్రిములను గొంతు వైపు నెడతాయి. ఏళ్ల తరబడి పొగ తాగినా, పొగ పీల్చినా ఈ రోమాలు దెబ్బతింటాయి. కఫం అక్కడే నిలిచిపోతుంది. నాళాలు ముందే ఇరుకై ఉంటాయి. అప్పుడు మామూలు జలుబుకు కారణమయ్యే రైనోవైరస్ వచ్చినా సరే, ఆ నాళాల గోడలు వాస్తాయి. గొట్టం లోపలి వెడల్పు సగానికి తగ్గితే అందులో నిలకడగా సాగే ప్రవాహానికి అడ్డు 16 రెట్లు పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. మనకు ముక్కు కారడంతో పోయేది ఆయనకు ఊపిరి అందకపోవడంగా మారేది ఇందుకే. ఫ్లూ, కోవిడ్, పసివాళ్లనూ వృద్ధులనూ ఎక్కువగా బాధించే ఆర్‌ఎస్‌వీ లాంటి వైరస్‌లైతే ఇంకా లోపలికి దిగుతాయి.

ఇక ఆ మూసిన గది సంగతి. చల్లగాలి తగిలితే జలుబు చేస్తుందన్న భయంతో కిటికీలు బిగిస్తారు. చల్లని పొడిగాలి శ్వాసనాళాలను బిగుసుకునేలా చేసేమాట నిజమే. బయటికి వెళ్లేటప్పుడు ముక్కూ నోరూ కప్పేలా మెత్తని గుడ్డ చుట్టుకుని, ముక్కుతోనే గాలి పీల్చడం అందుకు మంచి మార్గం. కానీ ఇన్ఫెక్షన్ వచ్చేది చలి వల్ల కాదు, ఇంకొకరు వదిలిన గాలిని పీల్చడం వల్ల. జబ్బుపడిన మనిషి దగ్గినప్పుడే కాదు, మాట్లాడినా, ఊరికే ఊపిరి వదిలినా అతి సన్నని తుంపర గాలిలో కలుస్తుంది. దాన్ని సిగరెట్ పొగలా ఊహించుకోండి. హాల్లో ఒకరు సిగరెట్ కాలిస్తే, కిటికీలు మూసి ఉన్న ఇంట్లో పడకగదిలో ఉన్నవారికి ఎంతసేపట్లో వాసన తగులుతుంది? పొగ ఎక్కడెక్కడికి పోతుందో ఆ తుంపర కూడా అక్కడికి పోగలదు. తలుపు మూసినంత మాత్రాన ఆగదు, గాలి మారితేనే పలచబడుతుంది.

కాబట్టి ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలు, లేదా ఒక కిటికీ, ఒక తలుపు కాసేపు పూర్తిగా తెరవండి. రోజంతా తెరిచి ఉంచలేనంత చలిగా ఉంటే, కొన్ని గంటలకొకసారి పది నిమిషాలు తెరిచినా గది గాలి చాలావరకు మారిపోతుంది. ఆ పది నిమిషాలు నాన్నగారిని వేరే గదిలో కూర్చోబెట్టండి. గాలి నిజంగా కదులుతోందా అన్న అనుమానం ఉంటే కిటికీ అంచున పలుచని కాగితపు రుమాలు పట్టుకుని చూడండి. అది లోపలికో బయటికో వంగాలి. నిటారుగా వేలాడుతోందంటే రెండో కిటికీ తెరవాలి. వంటగదిలో, స్నానాల గదిలో గాలిని బయటికి లాగే ఫ్యాన్ ఉంటే అది కూడా వేయండి.

గాలి ఎంత మారుతోందో కొలవాలనుకుంటే కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఉపయోగపడుతుంది. ఆరుబయట ఆ అంకె సుమారు 420, 430 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో అన్ని భాగాలు) ఉంటుంది. మనుషులున్న గదిలో 800 దాటకుండా చూసుకుంటే మంచిది. అంతకంతకూ పెరుగుతోందంటే ఆ గదిలో అందరూ ఒకరు వదిలిన గాలిని ఒకరు పీలుస్తున్నారని అర్థం. బయట గాలిలో పొగ, దుమ్ము ఎక్కువగా ఉన్న రోజుల్లో మాత్రం ఈ లెక్క మారుతుంది. అప్పుడు గాలి కాస్త శుభ్రంగా ఉన్న సమయం చూసి కొద్దిసేపే తెరిచి, మిగతా సమయం ఫిల్టర్ మీద ఆధారపడాలి.

ఫిల్టర్ అంటే గాలిని శుద్ధి చేసే యంత్రం. కొనే ముందు మూడు విషయాలు చూడండి. అందులో అసలైన హెపా ఫిల్టర్ ఉండాలి. వడకట్టడానికి అన్నిటికంటే కష్టమైన 0.3 మైక్రాన్ల కణాలను కూడా అది 99.97 శాతం పట్టుకుంటుంది. రెండోది, గదికి సరిపోయే సామర్థ్యం. గంటకు కనీసం 5 సార్లు గదిలోని గాలి శుద్ధి అయ్యేలా చూడాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2023లో సూచించింది. 4 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో 42 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అంటే గంటకు 210 ఘనపు మీటర్ల శుద్ధ గాలినిచ్చే యంత్రం కావాలి. పెట్టె మీద ఈ అంకె రాసి ఉంటుంది, అది పూర్తి వేగానికి చెప్పే లెక్క. మోత భరించలేక చాలా ఇళ్లలో దాన్ని అతి తక్కువ వేగంలో నడుపుతారు, అప్పుడు అందులో నాలుగో వంతు పని కూడా జరగకపోవచ్చు. అందుకే గదికి అవసరమైనదానికంటే ఒక మెట్టు పెద్దది తీసుకుని మధ్యస్థ వేగంలో నడపడం మేలు. మూడోది, ఓజోన్ వదిలే యంత్రాలు, అయాన్లతో శుద్ధి చేస్తామనేవి తీసుకోకండి. ఓజోన్ స్వయంగా శ్వాసనాళాలను మండించే వాయువు. ఒక విషయం గుర్తుంచుకోండి: ఫిల్టర్ కార్బన్ డయాక్సైడ్‌ను తీసేయదు కాబట్టి అది నడుస్తున్నా మీటర్ అంకె తగ్గదు. అంతమాత్రాన యంత్రం పనిచేయడం లేదని కాదు.

దాన్ని ఎక్కడ పెట్టాలి? చాలామంది నాన్నగారి పడకగదిలో పెడతారు. నేనైతే పగలంతా అందరూ కలిసి కూర్చునే గదిలో పెట్టమంటాను. వైరస్ చేతులు మారేది అక్కడే. రాత్రి కావాలంటే ఆయన గదికి మార్చుకోవచ్చు.

ఆవిరి విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను, మానేయండి. ముక్కు దిబ్బడ కాసేపు సడలినట్టు అనిపిస్తుంది, నిజమే. కానీ అది వైరస్‌ను చంపదు, జబ్బు రోజులను తగ్గించదు. వేడి ఆవిరి కొందరిలో శ్వాసనాళాలను ఇంకా బిగదీస్తుంది. అందులో ఘాటైన నూనెలు, మందుబిళ్లలు కలిపితే మరీ ప్రమాదం. పైగా మరుగుతున్న నీళ్ల గిన్నె ఒళ్లో ఒలికి కాలిన గాయాలతో వచ్చేవారు వృద్ధుల్లోనూ పిల్లల్లోనూ ఉంటారు. కఫం పలచబడాలంటే ఒంట్లో నీరు తగినంత ఉండాలి. గుండె, మూత్రపిండాల జబ్బు వల్ల నీళ్లకు పరిమితి పెట్టి ఉంటే మాత్రం ఆ పరిమితిలోనే తాగాలి. గదిలో తేమ 40 నుంచి 50 శాతం ఉంటే చాలు. అంతకు మించితే బూజు, దుమ్ములోని సూక్ష్మజీవులు పెరుగుతాయి. గాలిని తేమగా ఉంచే యంత్రం వాడుతుంటే రోజూ నీళ్లు పారబోసి, కడిగి ఆరబెట్టండి. నిల్వ నీటిలో పెరిగే క్రిములను అదే గాలిలోకి వెదజల్లుతుంది.

పొగ గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే, వరండాలో తాగినా సరే, ఈ కాలంలో అదే మొదట ఆగాలి. సువాసన కోసం వెలిగించేవి, దోమల కోసం కాల్చేవి, స్ప్రే చేసే సెంట్లు కూడా అంతే. శుభ్రం చేయాలన్న ఆత్రంతో బ్లీచింగ్‌ను ఆమ్లంతోగానీ అమ్మోనియా ఉన్న ద్రావకంతోగానీ ఎన్నడూ కలపకండి. వెలువడే విషవాయువు ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులనే దెబ్బతీస్తుంది. నేల తుడవడానికి సబ్బునీళ్లు చాలు.

ఇప్పుడు పిల్లలు. తాతగారి దగ్గరికి అసలు రావద్దని చలికాలమంతా అడ్డుకోవడం ఇద్దరికీ శిక్షే, ఫలితం కూడా తక్కువ. ఫ్లూ ఉన్నవారు లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే దాన్ని అంటించగలరు. ఆ తర్వాత 5 నుంచి 7 రోజులు, చిన్నపిల్లలైతే ఇంకా ఎక్కువ రోజులు. ముక్కు కారడం మొదలయ్యాక తలుపు వేస్తే అప్పటికే ఆలస్యం. అందుకే గాలి మార్చడం, చేతులు కడగడం లాంటివి జబ్బు వచ్చినప్పుడు చేసేవిగా కాక రోజువారీ అలవాట్లుగా ఉండాలి. బడి నుంచి రాగానే పిల్లలు సబ్బుతో 20 సెకన్లు, వేళ్ల సందులు, బొటనవేళ్లతో సహా చేతులు కడుక్కోవాలి. పెద్దవాళ్లు ఫోను కూడా తుడుచుకోవాలి, చేతులు కడిగిన మరుక్షణం పట్టుకునేది దాన్నే. తువ్వాళ్లు, తాగే గ్లాసులు ఎవరివి వారికి విడిగా పెట్టండి.

ఎవరికైనా గొంతు గరగరలాడినా, ముక్కు కారినా ఆ రోజు నుంచే ఇంట్లో పనులు పంచుకోండి. జబ్బుపడిన పిల్లవాడిని చూసుకునే పెద్దవారు ఒకరు, నాన్నగారికి మందులు, భోజనం అందించేవారు ఇంకొకరు. ఒక్కరే ఇద్దరినీ చూసుకోవడం వల్లే వైరస్ ఆయన మంచం దాకా వెళుతుంది. జబ్బుపడినవారి గదికి కిటికీ తెరిచి ఉంచండి, ఫిల్టర్ ఆ గదిలోకి మార్చండి. స్నానాల గది ఒక్కటే ఉంటే వారు చివరగా వాడాలి, ఆ తర్వాత కాసేపు ఖాళీగా వదలాలి. హాల్లోకి రావాల్సి వస్తే ముఖానికి గట్టిగా అంటుకునే ఎన్95 తరహా మాస్కు వేసుకోవాలి. గుడ్డ మాస్కుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మాస్కు వేసుకోలేని చిన్నపిల్లలైతే నాన్నగారే వేసుకోవాల్సి రావచ్చు. జబ్బు తీవ్రంగా ఉన్నవారికి బిగుతైన మాస్కుతో ఆయాసం అనిపిస్తుంది కాబట్టి, బాగున్న రోజున కూర్చోబెట్టి కాసేపు వేసి చూడండి, ఆయన వైద్యుడితోనూ మాట్లాడండి.

టీకాల గురించి క్లుప్తంగా. ఫ్లూ వైరస్ రూపం మారుతూ ఉంటుంది కాబట్టి టీకా ఏటా వేయించుకోవాలి. ఏ రకాలు కలపాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో సూచిస్తుంది. వేయించుకున్నాక రక్షణ ఏర్పడటానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి జలుబులు మొదలవక ముందే వేయించాలి. ఫ్లూ ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు, దాని వల్ల ఫ్లూ రాదు. చేయి నొప్పి, ఒక రోజు ఒళ్లు వెచ్చబడటం ఉండవచ్చు. ఆయన ఒక్కరికే కాదు, ఇంట్లో అందరికీ వేయించండి. వయసు మళ్లినవారిలో టీకా అంత బలంగా పనిచేయకపోవచ్చు, చుట్టూ ఉన్నవారి టీకా ఆ లోటును కొంత పూడుస్తుంది. న్యుమోనియా రాకుండా న్యుమోకోకల్ టీకా, కోవిడ్ టీకా, వయసు పైబడినవారి కోసం 2023 నుంచి అందుబాటులోకి వచ్చిన ఆర్‌ఎస్‌వీ టీకా గురించి వైద్యుడిని అడగండి. ఫ్లూ ఊపిరితిత్తులతోనే ఆగదు. కెనడాలో జరిగి 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి వారంలో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు కంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువని తేలింది.

ఈ వారమే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. నాన్నగారిని మీ ఎదుట ఇన్‌హేలర్ వాడి చూపించమనండి. నేర్పినవారు లేక, అలవాటైపోయి, సరిగా వాడుతున్నామనే నమ్మకంతో తప్పుగా వాడేవారిని నేను దాదాపు రోజూ చూస్తాను. నొక్కితే మందు చిమ్మే రకమైతే ముందు బాగా కదిలించాలి, ఊపిరి పూర్తిగా వదలాలి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి, పీల్చడం ఆపకుండా చివరిదాకా తీసుకుని పది సెకన్లు బిగబట్టాలి. ముందే నొక్కేస్తే మందు నాలుక మీద పడుతుంది. నోటి పక్క నుంచి తెల్లటి పొగలా బయటికి వస్తోందంటే లోపలికి చేరలేదన్నమాట. పొడి రకమైతే ఇందుకు విరుద్ధం, వేగంగా, గట్టిగా పీల్చాలి. చేతికీ ఊపిరికీ పొత్తు కుదరనివారికి స్పేసర్ (ఇన్‌హేలర్ మూతికి తగిలించే బోలు గొట్టం) ఇప్పించండి. దాన్ని సబ్బునీళ్లతో కడిగి గాలికి ఆరబెట్టాలి. గుడ్డతో లోపల తుడిస్తే స్థిర విద్యుత్తు ఏర్పడి మందు గోడలకే అతుక్కుపోతుంది. ఇన్‌హేలర్ డబ్బా మీద మిగిలిన మోతాదుల అంకె చూడండి. సున్నాకు వచ్చాక కూడా వాయువు చిమ్ముతూనే ఉంటుంది, అందులో మందు ఉండదు. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. బాగుందని రోజువారీ ఇన్‌హేలర్ ఆపేసి, ఆయాసం వచ్చినప్పుడు వాడేదానితోనే నెట్టుకొస్తున్నారేమో కూడా అడగండి.

అలాగే బాగున్న రోజుల లెక్క రాసి పెట్టుకోండి. ఐదు నిమిషాలు కూర్చున్నాక, వెచ్చని చేతికి, గోళ్ల రంగు లేని వేలికి పల్స్ ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే చిన్న యంత్రం) పెట్టి, అంకె నిలకడగా నిలిచాక చూడండి. ముదురు చర్మం ఉన్నవారిలో అది అసలు కంటే కాస్త ఎక్కువ చూపవచ్చు. మీ నాన్నగారికి మామూలుగా 92 ఉంటే 91 చూసి కంగారు పడక్కర్లేదు. ఎప్పుడూ 96 ఉండే మనిషికి 91 వస్తే పట్టించుకోవాలి. కఫం రోజూ ఎంత, ఏ రంగు, ఎంత దూరం నడిస్తే ఆగాల్సి వస్తోంది అన్నవి కూడా రాయండి. ఇంట్లో ఆక్సిజన్ ఉంటే, ఆయాసంగా ఉందని మీ అంతట మీరు ప్రవాహం పెంచకండి. సీవోపీడీ ఉన్న కొందరిలో ఆక్సిజన్ మితిమీరితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. అలాంటివారికి వైద్యులు పెట్టుకునే లక్ష్యం 88 నుంచి 92 మాత్రమే. ఆక్సీమీటర్ ఆ వాయువును చూపించదు. పొద్దున్నే తలనొప్పి, పగలు కూడా మత్తుగా ఉండటం, మాట తడబడటం దాని గుర్తులు.

ఆయనకు జలుబు పట్టేసిందనుకోండి. ఆయాసం పెరగడం, కఫం ఎక్కువవడం, కఫం పసుపు లేదా ఆకుపచ్చ రంగుకు మారడం అనే మూడింటినీ గమనించండి. రంగు మారి, దానితో పాటు మిగతా రెండింటిలో ఒకటైనా ఉంటే అదే రోజు వైద్యుడికి చెప్పండి. ఒళ్లు నొప్పులతో హఠాత్తుగా జ్వరం వస్తే అసలు ఆగొద్దు. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. రెండు రోజులు చూద్దామనుకుంటే ఆ అవకాశం చేజారుతుంది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్ ముందుగా ఇంట్లో ఉంచుకోవచ్చా, ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది బాగున్నప్పుడే వైద్యుడితో కాగితం మీద రాయించుకోండి. పాత చీటీ చూసి వాడేయకండి, వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

దుకాణంలో దొరికే జలుబు మందులతో జాగ్రత్త. ముక్కు దిబ్బడ తగ్గించే మాత్రలు రక్తపోటు పెంచుతాయి, ప్రొస్టేట్ పెరిగిన పెద్దవారికి మూత్రం బంధించగలవు. మత్తునిచ్చే దగ్గు మందులు, నిద్రమాత్రలు దగ్గును, ఊపిరిని రెండింటినీ అణుస్తాయి. కఫం బయటికి రావాల్సిన మనిషికి దగ్గు ఆపడం మేలు కాదు. చాలా మిశ్రమ మందుల్లో పారాసిటమాల్ ముందే ఉంటుంది, విడిగా ఇంకో మాత్ర వేస్తే మోతాదు దాటుతుంది.

దగ్గి దగ్గి అలసిపోతుంటే ఈ పద్ధతి నేర్పండి. నిటారుగా కూర్చుని, మామూలుకంటే కాస్త లోతుగా ఊపిరి తీసుకుని, నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు ఊదినట్టు 'హా' అంటూ బలంగా వదలాలి. రెండు మూడుసార్లు అలా చేసి కాసేపు విశ్రాంతి. కఫం పైకి వచ్చినట్టు అనిపించాక ఒక్కసారి దగ్గితే చాలు. ఆయాసం వచ్చినప్పుడు ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. ముందుకు వంగి మోచేతులు బల్ల మీద ఆనిస్తే ఇంకా హాయిగా ఉంటుంది.

ఒక్క వాక్యం ఏకధాటిగా చెప్పలేకపోవడం, పెదవులు నీలంగా లేదా బూడిద రంగుకు మారడం, ఛాతీలో నొప్పి, మత్తు, అయోమయం, ఇన్‌హేలర్ వాడినా ఉపశమనం నిలవకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే అంబులెన్స్ పిలవండి. ఇంకో మోసపూరితమైన తీరు ఉంది. జ్వరం తగ్గి తేరుకున్నట్టే ఉండి, కొన్ని రోజుల తర్వాత మళ్లీ జ్వరం, దగ్గు తిరగబెడతాయి. ఫ్లూ తర్వాత బ్యాక్టీరియా న్యుమోనియా వచ్చే పద్ధతి అది. దాన్ని పాత జలుబు కొనసాగింపు అనుకుని ఇంట్లో ఉంచకండి.

చివరగా, గదిలో కూర్చోబెట్టాలన్న ఆలోచన నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. కొన్ని వారాలు కదలకుండా ఉంటే ఈ వయసులో తొడల కండ త్వరగా కరిగిపోతుంది. కండ తగ్గితే అదే దూరం నడవడానికి ఎక్కువ ఊపిరి కావాలి. అప్పుడు ఆయాసానికి భయపడి ఇంకా తక్కువ నడుస్తారు. చలి ఎక్కువైతే ఇంట్లోనే వరండా ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించండి, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం చేయించండి. జలుబు వచ్చి తగ్గాక దగ్గు వారాలపాటు ఉండవచ్చు, అది పూర్తిగా పోయేదాకా ఆగకుండా నడక మళ్లీ మొదలుపెట్టించండి. ఆసుపత్రిలో ఉండి వచ్చిన పక్షంలో నాలుగు వారాల్లోపు శ్వాసకోశ పునరావాసంలో (వ్యాయామం, ఊపిరి పద్ధతులు నేర్పే శిక్షణలో) చేర్పించమని వైద్యుడిని అడగండి. వెళ్లేటప్పుడు మీరు రాసి పెట్టిన అంకెలు, ఆయన వాడే ఇన్‌హేలర్లు అన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.